దిగుడు లెక్క

పొగగొట్టం ఉండదని తెలిసి కూడా
మా ఆయన వెనక్కి పోయి వంగి చూసినాడు.
రేణిగుంట రోడ్డులో షోరూము. చల్లగా ఏసీ,
ఉత్తపుణ్యానికి ఇచ్చిన బాదంపాలు.
టై కట్టిన పిలకాయ గుక్క తిప్పుకోకుండా చెప్తాండాడు,
కిలోమీటరుకు రూపాయి పావలా,
ఆయిలు మార్చే పనిలేదు,
బ్యాటరీకి ఎనిమిదేండ్లు గ్యారంటీ.
"తొమ్మిదో ఏడు?" అన్నాను.
పిలకాయ నా గ్లాసు వైపు చూసినాడు.

మా చందన ఆరో తరగతి సైన్సు నోటుబుక్కులో
వెనక మిగిలిన పేజీలు నావి.
ఒక పక్క పెట్రోలు, ఒక పక్క కరెంటు,
నడిమధ్య స్కేలు లేకుండా గీసిన గీత.
ఇది ఎనిమిది లక్షలు, అది పన్నెండున్నర.
ఆ నాలుగున్నర లక్షలు కరగాలంటే
ఎన్నిసార్లు కాణిపాకం పోయి రావాల,
ఎన్నిసార్లు కాళాస్తి?
భాగించినాను. శేషం వచ్చింది.
శేషం రావడం మాకేం కొత్త,
శేషాచలం కిందనే కదా కాపురం.

పాత బండికి మొన్న క్లచ్చి పోయింది.
పెట్రోలు నూట పది దగ్గర కూచుని దిగనంటాది.
పాలు, బడి ఫీజు, ఇన్సూరెన్సు, టైర్లు,
అన్నీ మెట్లెక్కతాండాయి మోకాళ్లు నొప్పి లేకుండా.
రైలు దిగినాయన మాత్రం
పోయినేటి రేటే అడుగుతాడు,
ఏసీ వేసుకోని.

మేముండేది కొర్లగుంటలో, రెండో అంతస్తు.
బండి నిలిచేది సందు మొగదల, ఇస్త్రీ బండి పక్కన.
పైనుంచి వైరు దించుకుంటామంటే
ఇంటామె కోమలవల్లమ్మ నడుమున చెయ్యి పెట్టుకునింది.
"నా మీటర్లో మీ బండి అన్నం తింటాదా?"
"తినదు మా, తాగతాది" అన్నాడు మా ఆయన.
ఆమె నవ్వలేదు.

స్టాండులో గంగులప్ప అప్పుడే కొనేసినాడు.
కొండెక్కేటప్పుడు పదిహేను పాళ్లు తాగి
దిగేటప్పుడు అయిదు తిరిగిస్తాదంట,
బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంత ఇంత.
నాకు నమ్మబుద్ధి కాలేదు.
జుట్టిచ్చి వచ్చినోళ్లను చూసినాను,
ముడుపు వేసొచ్చినోళ్లను చూసినాను,
కొండ దగ్గర తిరిగి తెచ్చుకున్నోళ్లను ఎప్పుడూ చూడలేదు.
అప్పిచ్చిన కుబేరుడే ఇంకా తెచ్చుకోలేదు.
గంగులప్పే ఇంకోటి కూడా చెప్పినాడు,
చెప్పకుండా ఉండొచ్చు,
చార్జింగు కాడ గంటన్నర నిలబడితే
సేలం పార్టీ వేరే బండెక్కి వెళ్లిపోయిందని.

మొన్న శనివారం సాయంత్రం
కల్యాణకట్టలో పనిచేసే మా చెల్లిని చూసి
సొలాపూర్ వాళ్లను దించిన ఆయన బండిలోనే వస్తాండాను.
మోకాళ్ల మెట్టు దాటినాక, ఒక వాలులో,
చప్పుడు ఆగిపోయింది.
బండి మాత్రం పోతానే ఉండాది.
"ఏమైంది?"
"ఆపినా. విను. అట్లుంటాదంట అది."
విన్నాను.
టైర్ల కింద రోడ్డు.
లోయలో ఎక్కడో ఒక నెమలి.
అద్దం ముందర స్ప్రింగు మీద ఊగే చిన్న గరుడబొమ్మ
కిచకిచమంటాదని
ఇన్నేండ్లలో నాకు తెలీదు.
నాలుగు ఊపిర్లు, అంతే.
"తాళం తిప్పయ్యా, బ్రేకు గట్టిపడతాది" అన్నాను.
పాత ఇంజను దగ్గి లేచింది.
అలిపిరి దీపాలు కనపడేదాకా
ఇద్దరం మాట్లాడుకోలేదు.

రాత్రి నోటుబుక్కు తీసి
కరెంటు పక్క మిగిలిన ఒక వరుసలో
'చప్పుడు లేకపోవడం' అని రాసినాను.
ఎదురుగా ఎంత వెయ్యాలో తెలీక
పెన్సిలు కొరుకుతా కిటికీలోంచి చూస్తే,
కింద కోమలవల్లమ్మ టార్చి లైటు పట్టుకోని
మా బండి పక్క గోడంతా వెతకతాండాది.
ప్లగ్గు ఎక్కడ పెట్టించాలనా,
పిల్లి కోసమా,
అడగలేదు.